గొట్టం చుట్టూ సందు

బొగ్గుగనుల ఊరు కరగండా చలి సంగతి చెప్పొద్దూ! అలాంటి చోట వేడినీళ్ళ గొట్టమే ఇంటికి ప్రాణం. రౌషన్ వంటింట్లోంచి ఆ గొట్టం గోడ దాటి పక్కింట్లోకి పోతుంది. గోడలో దాని చుట్టూ రెండు వేళ్ళు పట్టే సందు. అందులోంచి పక్కింటి జెయ్నొల్లా తాత సిగరెట్ పొగ వచ్చేది, దగ్గు వచ్చేది, "అమ్మాయీ, ఉప్పుందా?" అని కేకా వచ్చేది. ఒళ్ళరిగేదాకా గనిలో బొగ్గు తవ్విన మనిషి. ఇప్పుడు ఒంటికాయ శొంఠికొమ్ము.

"మీ దగ్గుకి మా గిన్నెలు కిందపడుతున్నాయి తాతా!" అనేది రౌషన్.

"పడనీవే! అది వినపడిందంటే నేనున్నట్టే. ఆగిందంటే తలుపు పగలగొట్టుకుని వచ్చెయ్."

"సరే, వస్తాలెండి," అని నవ్వుతూ మాటిచ్చింది.

ఈ శీతాకాలం ఆమె కొడుకు అల్తైకి ఉబ్బసం ముదిరింది. పొగ పడితే చాలు, పసివాడి గుండెల్లో పిల్లికూతలు. తల్లి ప్రాణం ఊరుకుంటుందా? పాత గుడ్డలు సందులో కుక్కి, పైన జిప్సం మెత్తేసింది. తాతతో మాట మాత్రం అనలేదు, నొచ్చుకుంటాడని మొహమాటం. పాడు మొహమాటం!

ఆ రాత్రి పిల్లాడు హాయిగా నిద్రపోయాడు. ఇల్లంతా ఒకటే నిశ్శబ్దం. అమ్మయ్య అనుకుంది గానీ, ఎందుకో ఆమెకే నిద్ర పట్టలేదు.

మర్నాడు సాయంత్రం మంచుతుఫాను. రౌషన్ పిండి కలుపుతుంటే గొట్టం మోగింది. ఠంగ్... ఠంగ్... ఆ అంతస్తుల భవనంలో అన్ని ఇళ్ళకీ కలిపి ఒకటే గొట్టం; అది కొడితే ఒకటే అర్థం, గోల ఆపమని.

"ఎవడ్రా అది? పిల్లాడికిప్పుడే కునుకు పట్టింది!" అని గరిటెతో తిరగబాదింది. పైవాళ్ళు బాదారు. కింది అంతస్తు గాలీనా తిట్లు కలిపి మరీ బాదింది. అంత మోతలో మొదటి చప్పుడు ఎప్పుడాగిందో ఎవరికీ తెలియలేదు.

"బుద్ధొచ్చినట్టుంది వెధవకి," అని రౌషన్ మళ్ళీ పిండిలో చెయ్యి పెట్టింది.

పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. చప్పుడు ఈ గోడవతల నుంచే వచ్చింది. తాత ఏనాడూ గొట్టం కొట్టి ఎరగడు. ఏం కావాలన్నా సందులోంచే పిలిచేవాడు.

అయ్యో దేవుడా!

పరుగెత్తుకెళ్ళి తలుపు బాదింది. ఇనప తలుపు, లోపల గడియ, పలుకు లేదు. "గాలీనా, ఎవర్నైనా పిలువ్!" అని మెట్ల మీంచి అరిచి, వెనక్కొచ్చి కత్తితో జిప్సం పొడిచింది. గోళ్ళతో గుడ్డలు పీకి సందుకి నోరు ఆనించింది.

"తాతా! దగ్గండి తాతా! ఒక్కసారి దగ్గండి!"

సందులోంచి పొగా లేదు, దగ్గూ లేదు. అవతల రేడియో ఒక్కటే రేపటి చలి ఎంతో చెబుతోంది. ఆమె కేకలకి లేచి కూర్చున్న పిల్లాడి ఊపిరి మాత్రం, ఒక్క పిల్లికూతైనా లేకుండా ఆడుతోంది.