పంపని ఉత్తరం

రాజమండ్రిలో ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే రూబీకి మూర్ఛ ఉంది. మందులు వాడుతోంది. నాలుగేళ్లుగా ఒక్కసారీ రాలేదు. ఆ సంగతి తణుకులో ఉన్న అక్కకి తప్ప ఎవరికీ తెలియదు. ఇల్లు మారినప్పుడల్లా కాగితాలు పోతున్నాయని, 2004లో సర్టిఫికెట్లూ డాక్టరు రిపోర్టులూ స్కాన్ చేయించి మెయిల్లో దాచుకుంది.

ఆ సలహా స్కూలు వెనక నెట్ సెంటర్ నడిపే సుధాకర్‌ది. "ఈ గడిలో టిక్ పెట్టేయండి మేడమ్. ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టక్కర్లేదండి," అన్నాడు. పెట్టింది.

జూన్‌లో కరస్పాండెంట్ చిట్టియ్య గారు పిలిచి ఓ కాగితం చూపించారు. పేరు లేకుండా పోస్టులో వచ్చిందట.

"పిల్లల ముందు పడిపోతే ఎలాగమ్మా? తల్లిదండ్రులు ఊరుకోరు."

ఉద్యోగం పోయింది. వారం తిరక్కుండా ఆ పోస్టులో సుధాకర్ భార్య లావణ్య చేరింది.

కాగితంలోని మాటలు రూబీవే. క్లాసులో మూర్ఛ వస్తుందేమోనన్న భయాన్ని అక్కకి రాసి, బెంగ పెట్టుకుంటుందని పంపకుండా డ్రాఫ్టుల్లో వదిలేసిన ఉత్తరం అది. తన మెయిల్ తెరిచినవాడే దాన్ని చదవగలడు. ఆ టిక్ వల్ల పాస్‌వర్డ్ లేకుండా అది తెరుచుకునేది సుధాకర్ కంప్యూటర్లో ఒక్కదాన్లోనే.

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు పాస్‌వర్డ్ మార్చేద్దామని బయల్దేరి, దారిలో ఆగింది. మారిస్తే వాడు తప్పించుకుంటాడు.

అదే సెంటర్‌కి వెళ్లి, "బావున్నారా సుధాకర్ గారూ" అని నవ్వి, అదే కుర్చీలో కూర్చుంది. 'అక్కా, లావణ్య బి.ఎడ్. సర్టిఫికెట్ దొంగది. సోమవారం కాకినాడ వెళ్లి డి.ఇ.ఓ.గారికి పిటిషన్ ఇస్తున్నాను' అని టైపు చేసి, డ్రాఫ్టుల్లో వదిలి లేచింది. ఆ సర్టిఫికెట్‌ని ఆమె ఎన్నడూ చూడలేదు. కోపం కొద్దీ అల్లిన అబద్ధం.

ఆదివారం ఆరాధన అయ్యేసరికి సుధాకర్ చర్చి బయట ఉన్నాడు. ముఖం పాలిపోయింది.

"ఒక్క మాట, ఇటు రండి మేడమ్."

రూబీ కదల్లేదు. వెనక కిటికీ లోపల చిట్టియ్య గారు పాటల పుస్తకాలు సర్దుతున్నారని ఆమెకు తెలుసు.

"ఇక్కడే చెప్పండి."

"రేపు కాకినాడ వెళ్లకండి. మీ కాళ్లు పట్టుకుంటాను. ఆ సర్టిఫికెట్ నేనే చేయించానండి. బయటపడితే ఇద్దరం జైలుకి పోతాం."

తను అల్లింది నిజమైంది! రూబీ గొంతు పెంచి అడిగింది.

"కాకినాడ సంగతి నేనెవరికీ చెప్పలేదే. మీకెలా తెలిసిందండీ?"

కిటికీలోంచి చిట్టియ్య గారు తొంగిచూశారు.

లావణ్యని తీసేశారు. పోలీసులు కంప్యూటర్లు పట్టుకుపోయారు. చిట్టియ్య గారు మళ్లీ చేరమంటే, స్టాఫ్ రూములో అందరి ముందూ క్షమాపణ చెప్పాకే రూబీ చేరింది. వేరే సెంటర్లో పాస్‌వర్డ్ మార్చుకుని, రిపోర్టులన్నీ తీసేసింది.

అక్క ఫోన్లో, "పోనీలే, ఇక వదిలెయ్యవే," అంది. రూబీ వదల్లేదు. కేసు వాయిదాకి వచ్చిన ప్రతిసారీ సెలవు పెట్టి మరీ కోర్టుకి వెళ్లి, సుధాకర్‌కి కనబడేలా ముందు బెంచీలో కూర్చుంది.