మధ్యాహ్నంలోగా ఇంటికి

జ్యూరీని బయటికి పంపేశారు. వాళ్ళ చెవిన ఒక మాట పడవచ్చో లేదో తేల్చడానికి ముందు జడ్జిగారు ఒక్కరే దాని సంగతి వినాలి. అక్కడి కోర్టుల పద్ధతి అది. ఆ మాట విల్ఫ్ టులిప్ పోలీసుల టేపు ముందు అన్నదే: "చర్చి కప్పు మీది సీసపు రేకులు ఊడబెరికింది నేనే." అది తప్ప ప్రాసిక్యూషన్ చేతిలో ఇంకేమీ లేదు. అది నిలిస్తే విల్ఫ్ జైలుకి, పోతే ఇంటికి.

దాన్ని రాబట్టిన ఘనుడు సార్జెంట్ స్టాన్లీ రడాక్ సాక్షి బోనులో నిలబడ్డాడు. సర్వీసులో ఎవరి మీదా చెయ్యెత్తలేదు, గొంతు కూడా పెంచలేదు. అదంటే అతనికి మహా గర్వం.

"టీ ఇచ్చారా?" అంది విల్ఫ్ తరఫు లాయరు మిస్ పెంబర్టన్.

"ఇచ్చానండి. బిస్కెట్లు కూడా."

"టేపు పెట్టకముందు వరండాలో ఏమన్నారు?"

"ఒప్పేసుకో, మధ్యాహ్నంలోగా ఇంటికి పోదువుగానీ అన్నానండి. మంచికే."

"ఆ మధ్యాహ్నం ఏముంది?"

"క్లబ్బులో లీక్ ఉల్లికాడల పోటీ. ఎవరి కాడ ఎక్కువ లావుందో చూస్తారండి."

లండన్ నుంచి వచ్చిన జడ్జమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "ఉల్లికాడ కోసం ఎవరైనా చెయ్యని నేరం ఒప్పుకుంటారా?"

ప్రాసిక్యూషన్ లాయరు ముఖం వెలిగిపోయింది. స్టాన్లీ "అబ్బే" అంటే చాలు. కానీ గ్యాలరీ నిండా క్లబ్బువాళ్ళే. పసిబిడ్డ తొడంత కాడను పెంచడానికి పెళ్ళాలక్కూడా చెప్పని ఎరువులు కలిపే మనుషులు, పోటీ ముందు పెరట్లోనే కాపలా పడుకునే మనుషులు. స్టాన్లీ వాళ్ళలో ఒకడు. కూతురి పెళ్ళి ఫోటోలో అతను లేకపోవడానికి కారణం కూడా ఆ కాడలే.

"మీ సంగతే చెప్పండి సార్జెంట్," అంది మిస్ పెంబర్టన్ మెత్తగా. "కాడలు పెరట్లో, మీరు లాకప్పులో. ఏం చేస్తారు?"

ప్రమాణం చేసిన బైబిల్ ఇంకా ఎదురుగానే ఉంది.

"మా అమ్మని నేనే చంపానని రాసిచ్చేస్తానండి."

గ్యాలరీలో వాళ్ళమ్మ నిజమేనన్నట్టు తలూపింది.

జడ్జమ్మ నిట్టూర్చింది. "ముద్దాయి అన్నది నిజమే కావచ్చు. నాకది అనవసరం. ఇలా ఆశ చూపి రాబట్టిన మాట నమ్మదగ్గదని ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేదు. చెల్లదు."

మెట్ల దగ్గర విల్ఫ్ కనిపించాడు. ఆ పోటీలో మొదటి బహుమతి, వెండి కప్పు, అతనిదే, రెండోది స్టాన్లీది. కప్పూ పోయింది, కేసూ పోయింది. స్టాన్లీకి ఒళ్ళు మండిపోయింది.

"ఇక నిన్నెవడూ ఏమీ చెయ్యలేడు గానీ, నిజం చెప్పరా. రేకులు నువ్వేగా?"

"నిచ్చెనెక్కితే నాకు కళ్ళు తిరుగుతాయని బళ్ళో ఉన్నప్పట్నించీ నీకు తెలీదట్రా?"

స్టాన్లీకి తెలుసు. బడి గోడ మీంచి అతన్ని ఎత్తి దించింది తనే.

"మరి ఆ ముక్క అప్పుడే ఏడవచ్చుగా!"

"వరండాలో మొట్టమొదట చెప్పిందదే కదరా. నువ్వేమో చక్కెర ఎంత వెయ్యమంటావని అడిగావు."

స్టాన్లీకి తల కొట్టేసినట్టయింది.