ఎర్ర సిరా కార్డులు

జొన్నరొట్టె తడుతుంటే జమీలా వేళ్ళకంటిన ఎర్ర సిరా పిండిలోకి దిగింది. మొదటి రొట్టె గులాబీ రంగు తేలింది. "ఇదేం రొట్టె, మే? తినేదా, పరీచ్చకు పంపేదా?" అన్నాడు మొగుడు షరీఫ్. అని, శుభ్రంగా తిన్నాడు. ఆకలేసినప్పుడు ఆయనగారికి రంగులతో పనిలేదు.

తిరుపతి యూనివర్సిటీలో లైబ్రేరియన్ చదువు చదువుతున్న జమీలా, పండగ సెలవులకు ఎమ్మిగనూరులోని ఇంటికి వచ్చి ఆరు రోజులైంది. సెలవన్నది పేరుకే. మూడు నెలలుగా ఉతకని దుప్పట్లూ, షరీఫ్ చొక్కాలకు ఊడిన గుండీలూ ఆమె కోసమే కాచుకుని ఉన్నాయి. ఆ పనుల సందుల్లోనే, లైబ్రరీలో పుస్తకాలు వెతుక్కునే కార్డులు నూరు రాసింది. ప్రతి పుస్తకానికీ రచయిత పేరుతో ఒకటి నల్ల సిరాతో, విషయం పేరుతో ఇంకొకటి ఎర్ర సిరాతో. రేపు ఆదోనిలో రైలెక్కి, ఎల్లుండి అవన్నీ అప్పజెప్పాలి. లేకపోతే ప్రాక్టికల్సు తప్పినట్టే. తప్పితే ఏమవుతుందో షరీఫ్ ముందే చెప్పాడు, అదీ నలుగురి ముందు, టీ తాగుతూ. "ఒక్కదాంట్లో తప్పినా పెట్టె సర్దుకోని ఇంటికి రావాల, అంతే."

అయినా అతనంటే ఆమెకు కృతజ్ఞతే. ఏ మొగుడు పంపిస్తాడమ్మా అని వీధి వీధంతా అంది. ఆమె కూడా అనుకుంది. ప్రాక్టికల్సు రికార్డు మొదటి పేజీలో 'నన్ను చదివించిన నా భర్త షరీఫ్ గారికి' అని పెన్సిలుతో రాసి పెట్టుకుంది.

మధ్యాహ్నం కార్డుల కట్ట విప్పితే నల్లవి ఉన్నాయి. ఎర్రది ఒక్కటీ లేదు. పెట్టె కిందా, పరుపు కిందా వెతికింది. షరీఫే తీశాడనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గేసింది, అయినా అనుకుంది.

"ఏం దేవులాడతాండావే?" అంది అత్త హుసేనమ్మ.

"కార్డులత్తా. ఎర్రవి."

హుసేనమ్మ వాకిట్లోకి తొంగిచూసి, కొడుకు లేడని తేల్చుకుని, జొన్నల బానలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. గుడ్డమూట ఒకటి బయటికొచ్చింది.

"నేనే దాసినాను. అన్ని తప్పులు పోయినావేమే తల్లీ! చిన్నప్పుడు వాని పుస్తకం నిండా అయ్యవారు ఎర్రగీతలే కొడతాండె. సదువు రాకున్నా, ఎర్రగుంటే తప్పని నాకు తెల్దా? వాడు సూసినాడంటే నిన్ను మళ్ళా పంపడు. వాడొచ్చేలోపల బిన్నె దిద్దుకోని పో. నేను సెప్పను."

జమీలాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ఇవి తప్పులు గాదత్తా. ఇట్లనే రాయాల."

"ఒగటీ తప్పు లేదా?"

"ఒగటీ లేదు."

"పొద్దుట్నించి నా పానం తీసినావు గదే!"

ఈ మూడు నెలలూ హుసేనమ్మ ఈ నడుముతోనే నీళ్ళు మోసింది, ఈ చేతులతోనే రొట్టెలు తట్టింది. నేనే చదివిస్తున్నానని ఒక్కనాడూ ఎవరితోనూ అనలేదు. ఒక్క పరీక్షా తప్పకుంటేనే పంపుతానన్న మనిషికి ఇన్నాళ్ళూ జమీలా మనసులో దండాలు పెట్టుకుంది. తప్పినా సరే పంపాలనుకున్న మనిషి ఇదిగో, ఎదురుగా నిలబడి చేతికంటిన జొన్నదుమ్ము దులుపుకుంటోంది.

జమీలా రికార్డు తెరిచి, మొదటి పేజీలోని పెన్సిలు రాతను రబ్బరుతో చెరిపేసింది. హుసేనమ్మ పక్కనే వచ్చి కూర్చుని చూస్తోంది. ఆమె మళ్ళీ భయపడకూడదని, నల్ల సిరా పెన్ను తీసుకుని, 'నన్ను చదివించిన మా అత్త హుసేనమ్మకు' అని రాసింది.