నిమ్మకాయలు కోసిన కత్తి

ఆ శనివారం పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి కిటికీ పక్క బల్ల మీద నా కత్తి లేదు. నీళ్ళ గిన్నె ఉంది, ఉప్పు ఉంది, కొవ్వొత్తి ఉంది, అయిదు కోణాల నక్షత్రం చెక్కిన రాగి పళ్ళెం ఉంది. కత్తి ఉండాల్సిన చోట నల్ల గుడ్డ మాత్రం మడత విప్పి ఉంది.

అమ్మ కూడా ఇంట్లో లేదు.

కిటికీలోంచి కిందికి చూశాను. పార్కింగ్‌లో, ముందు రోజు నేను కొన్న కారు ముందు నిలబడి ఉంది. సెకండ్‌హ్యాండ్ కారే కానీ విడాకుల తర్వాత నా పేరు మీద కొన్న మొదటి వస్తువు అది. అమ్మ కొంగు నడుముకి దోపుకుని బానెట్ మీద పసుపు బొట్లు పెట్టింది. ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. ఒక చేతిలో సగం కోసిన ఇంకో నిమ్మకాయ, రెండో చేతిలో నా కత్తి.

గబగబా మెట్లు దిగాను.

"అమ్మా, అదెందుకు తీశావ్?"

"ఇదేం మొద్దు కత్తే తల్లీ! నిమ్మకాయ నలుగుతోంది గానీ తెగి చావదు."

"అది ఎందుకు తీశావని అడుగుతున్నా."

"వంటింటి కత్తితో కోయమంటావా? నిన్న దాంతోనే ఉల్లిపాయలు తరిగాం. మొన్న నువ్వు కోడిగుడ్డు అట్టు వేసుకుని దాంతోనే కోశావు. దేవుడి పనికి ఆ ఎంగిలి కత్తా? ఇదైతే దీపం దగ్గర, గుడ్డలో చుట్టి భక్తిగా పెట్టుకున్నావు. పూజ కత్తే కదా అని తెచ్చాను."

"అది దేన్నీ కోయడానికి కాదమ్మా."

"కోయడానికి కాకపోతే కత్తి ఎందుకే?"

నిజమే, ఎవరైనా అడిగే ప్రశ్నే. విక్కా అనే మంత్రగత్తెల మతం పాటించేవాళ్ళు రెండు కత్తులు పెట్టుకుంటారు. తెల్ల పిడిది మూలికలు, దారాలు కోయడానికి. నల్ల పిడిదాన్ని అథామే అంటారు. దానితో గాలిలో వలయం గీస్తారు, సంకల్పాన్ని ఒక దిక్కుకి చూపిస్తారు. అది ఏ వస్తువునీ కోయకూడదు. నా కత్తి పిడి నేనే చేసుకున్నాను. పీకాన్ చెట్టు చెక్క తెచ్చి, శీతాకాలమంతా, నాకు ఇవన్నీ నేర్పే లొరేన్ వాళ్ళ గరాజ్‌లో కూర్చుని చెక్కి, నల్లరంగు పట్టించాను. మర్నాడు, ఆ 1982 వసంతం వేడుకలో, ఆ కత్తి చేత్తో పట్టుకుని లొరేన్ బృందంలో చేరాలి. ఏడుగురు ఆడవాళ్ళు. నేను ఎనిమిదోదాన్ని.

ఇదంతా నాకెందుకని ఎవరైనా అడగవచ్చు. నేను హాస్పిటల్లో సైకాలజిస్ట్‌ని. రోజూ ఎదుటి కుర్చీలో కూర్చున్నవాళ్ళని "మీకేం కావాలి?" అని అడగడం నా ఉద్యోగం. ముప్పై నాలుగేళ్ళు వచ్చాక ఆ మాట నన్ను మొదట అడిగింది లొరేన్. చదువు నాన్న ఎంచాడు. పెళ్ళి పెద్దలు ఎంచారు. ఊరు, ఇల్లు, చివరికి వంటింటి కత్తులు కూడా కట్టుకున్న జగన్మోహన్ ఎంచాడు. నేనుగా ఎంచుకున్న చోట ఒక్కసారి నిలబడాలని ఉందన్నాను. అయితే ముందు కత్తి చేసుకో, అంది ఆవిడ.

అమ్మ చేతిలోంచి కత్తి తీసుకుని తుడిచి చూశాను. నిమ్మరసం తుడిస్తే పోయింది. పిడి మీద నా ఉలి గీతల్లోకి దిగిన పసుపు పోలేదు.

అమ్మ బొట్టు పెట్టిన కార్లోనే లొరేన్ దగ్గరికి డ్రైవ్ చేశాను. డాలస్‌లో ఆవిడకి మూలికల షాపు ఉంది. కౌంటర్ వెనక నిలబడి అంతా విని, ముందు కడుపు పట్టుకుని నవ్వింది.

"టైర్ల కింద నిమ్మకాయలా? మీ అమ్మని తీసుకురా. మా అందరికంటే పెద్ద మంత్రగత్తెలా ఉంది."

తర్వాత నవ్వు ఆపి, వంగి కత్తిని చూసింది. ముట్టుకోలేదు. ఒకరి పనిముట్టుని అడగకుండా ఇంకొకరు ముట్టరు.

"కంగారు పడకు. ఇంటికెళ్ళి ఉప్పులో పెట్టు. చీకటి పడ్డాక మట్టిలో పాతిపెట్టు. రేపు మధ్యాహ్నం తీసి పట్టుకురా. మిగతావాళ్ళకి నేను చెప్తాను."

అంత తేలిక. గుండెల మీంచి బరువు దిగింది.

"అప్పుడు ప్రమాణంలో అడ్డు ఉండదు," అంది లొరేన్. "'ఈ కత్తి మీద నా సంకల్పం తప్ప మరొకరి సంకల్పం లేదు' అంటావు కదా. ఇప్పుడు మీ అమ్మది ఉంది. అది కడిగేయాలి."

ఆ వాక్యం నెలల తరబడి బట్టీ పట్టాను. ఆ క్షణం దాకా వినలేదు. ఎదుటి కుర్చీలో ఎవరైనా "ఇది పూర్తిగా నా నిర్ణయం" అంటే నేను వెంటనే నమ్మను. ఆ గొంతులో ఇంకెవరి గొంతు ఉందో అని వింటాను. ఎప్పుడూ ఎవరో ఉంటారు. రేపు నేనే నిలబడి ఆ మాట అనాలి. అమ్మ మీద కోపం ఇంకా అలాగే ఉంది. అది ప్రేమగా మారలేదు. అయినా అబద్ధం అబద్ధమే.

"ఆ ఒక్క వాక్యం మార్చి చెప్పవచ్చా?"

"నాకు నేర్పినావిడ నా చేత అలాగే చెప్పించింది. ఈ ఆరుగురూ అలాగే చెప్పారు. నీ ఒక్కదాని కోసం ఎలా మార్చను, హనీ?"

"అయితే నేను రేపు రాను."

"కోపంలో అంటున్నావు."

"కోపం ఉంది. కానీ కోపంలో అనడం లేదు."

లొరేన్ కౌంటర్ వెనక నుంచి ఇవతలికి వచ్చింది. "ఒంటరిగా చేసుకునేవాళ్ళూ ఉన్నారు. కష్టం. తప్పు చేస్తే చెప్పేవాళ్ళుండరు."

"మా ఇంట్లో ఆ లోటు లేదు," అన్నాను.

ఇద్దరం నవ్వాం. కానీ హైవే ఎక్కాక ఏడ్చాను. ఆ ఏడుగురి పాట, పాట అయ్యాక వాళ్ళ వంటింట్లో కబుర్లు, అన్నీ వదులుకున్నాను. కారు వెనక్కి తిప్పవచ్చు. ఉప్పు ఎక్కడైనా దొరుకుతుంది. తిప్పలేదు.

ఇంటికి వచ్చి అమ్మకి ఎదురుగా కూర్చున్నాను.

"ఇక మీదట నా బల్ల మీద వస్తువులు నన్ను అడగకుండా తీయకు."

"కన్నకూతురి ఇంట్లో అడిగి తీసుకోవాలా?"

"అడగాలి."

అమ్మ ముఖం తిప్పుకుంది. "అత్తారింట్లోనూ ఇలాగే అన్నావా? అందుకేనా అక్కడ కుదర్లేదు?"

"అక్కడ అనలేదు. అందుకే కుదర్లేదు."

ఆ సాయంత్రం అమ్మ అన్నం వడ్డించి, గిన్నెలు చప్పుడు చేస్తూ కడిగింది. నేను సర్దిచెప్పలేదు. అలవాటు కొద్దీ రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో కుర్చీలు పక్కకి జరిపాను. అమ్మ సోఫాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. లోపలికి పొమ్మనలేదు, ఉండమనలేదు. గిన్నెలో నీళ్ళు పోసి ఉప్పు కలిపాను. కొవ్వొత్తి వెలిగించాను. కత్తి ఎత్తి నా చుట్టూ గాలిలో వలయం గీస్తూ తిరిగాను.

తూర్పుకి తిరిగాను.

"తూర్పే. మంచిది," అంది అమ్మ బఠాణీలతో.

లొరేన్ నేర్పిన మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి. నోటికి వచ్చినవి వేరే.

"నేను నళినిని. ఇర్వింగ్‌లో ఉంటాను. ఈ కత్తి మీద నా చేయి ఉంది. నావి కాని చేతులూ ఉన్నాయి. ఇప్పుడు పట్టుకున్నది మాత్రం నేను. ఎటు చూపించాలో..."

"గోత్రం చెప్పలేదు," అంది అమ్మ.

ఆగిపోయాను.

"పేరు చెప్పావు, ఊరు చెప్పావు. సంకల్పంలో గోత్రం చెప్పాలి." అంతలో తనకే అనుమానం వచ్చింది. బఠాణీ కాయ చేతిలో అలాగే ఉండిపోయింది. "మీ నాన్నది చెప్పాలో, అతనిది చెప్పాలో... పెళ్ళితో మారింది కదా. కోర్టు కాగితాలతో మళ్ళీ వెనక్కి వస్తుందా? శాస్త్రిగారికి ఉత్తరం రాసి అడగాలి."

"అక్కర్లేదమ్మా."

"గోత్రం లేకపోతే ఆ పైవాళ్ళకి నువ్వెవరో ఎలా తెలుస్తుందే?"

"నాకు తెలిస్తే చాలు."

అమ్మ చేతిలోని కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేసింది. నేను మళ్ళీ తూర్పుకి తిరిగాను. కత్తి ఈసారి ఇంకొంచెం ఎత్తి పట్టుకుని, మొదటి నుంచి మొదలుపెట్టాను.

"నేను నళినిని."