టైలరమ్మ నడుం నొప్పి

లారీవాడు సామానంతా వాకిట్లో దించి, తాళ్ళు చుట్టుకుని, వెనక్కి తిరిగైనా చూడకుండా వెళ్ళిపోయాడు. రెండు మంచాలు, ఒక బీరువా, నాలుగు గిన్నెల మూటలు, గోనెపట్టాలో చుట్టిన కుట్టుమిషను. వాటి మధ్య దిక్కులు చూస్తూ ముగ్గురు: డెబ్భై దాటిన అత్తగారు, ముప్పై ఆరేళ్ళ కోడలు, తొమ్మిదేళ్ళ మనవరాలు. పట్నంలో మిల్లు వీధి వాళ్ళంతా కోడల్ని టైలరమ్మ అనేవారు. నోరు మూతపడదని మనవరాలికి పిచ్చుక అని పేరు. ఆ రోజు పిచ్చుక కూడా కిక్కురుమనలేదు.

ఆ ఇల్లు టైలరమ్మ భర్త కట్టింది. మిల్లులో ఎలక్ట్రీషియన్ అతను. మూడేళ్ళపాటు ప్రతి ఆదివారం మొదటి బస్సెక్కి ఈ ఊరొచ్చి, తాపీమేస్త్రికి చేయందిస్తూ, తనకు చేతనైన పని తనే చేసుకుంటూ ఒక్కో గోడా లేపాడు. రెండు నెలల కిందట ఒక సోమవారం మిల్లులో నిచ్చెన మీంచి పడ్డాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఆ తర్వాత మిల్లు క్వార్టర్స్ ఖాళీ చెయ్యాలని కబురొచ్చింది. వాళ్ళకు వెళ్ళడానికి ఈ ఇల్లు తప్ప మరో చోటు లేదు.

టైలరమ్మ ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. ఖాళీ స్థలంగా ఉన్నప్పుడు ఒక్కసారి చూసి ముఖం తిప్పుకుని వెళ్ళింది. మళ్ళీ ఇదే రావడం.

గిన్నెల మూట ఒకటి ఎత్తబోతుంటే పక్కింటి దడి మీదుగా ఒక కేక వినిపించింది.

"అయ్యయ్యో, దించు దించు! నడుం నొప్పి మనిషివి, నువ్వెత్తడమేంటమ్మా!"

యాభై ఏళ్ళ బలమైన మనిషి, చేతులకు పేడ అలాగే ఉండగా పరుగున వచ్చి, మోచేతుల మధ్య ఇరికించుకుని ఆ మూట లాక్కుంది. "నేనెవరో తెలీదు కదూ. పక్కిల్లే. ఊళ్ళో పాలు పోసేది నేనే. మీ ఆయన నన్ను అక్కా అనేవాడు, అంటే నువ్వు నాకు మరదలివి. ఎలా ఉంది ఇప్పుడు, కాస్త తగ్గిందా? బస్సు కుదుపులు పడవని ఏడాది నుంచీ చెప్తూనే ఉన్నాడు పాపం. ఎన్నిసార్లన్నానో, తమ్ముడూ, ఒక్కసారి తీసుకురా, చూడాలనుంది అని."

టైలరమ్మకు జన్మలో నడుం నొప్పి లేదు. రోజుకు పదిగంటలు మిషను తొక్కి, బిందె చంకనెత్తుకుని రెండంతస్తులు ఎక్కే మనిషి. ఆమె అత్తగారి వైపు చూసింది. అత్తగారు మంచం కోడు ఊగుతోందేమోనని వంగి పరీక్షిస్తోంది.

"తగ్గింది" అంది టైలరమ్మ.

మర్నాడు తాపీమేస్త్రి మిగిలిన పని చూసుకోవడానికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, సున్నం మరకల మధ్య ఎక్కడో మనిషి ఉన్నట్టుండేవాడు. గోడలకు లోపల పూత పడలేదు, వెనక గదికి నేల లేదు. కానీ వంటింట్లో గట్టు మాత్రం నున్నగా పూర్తయి ఉంది. మామూలు గట్ల కంటే జానెడు ఎత్తు.

"ఇంతెత్తు ఎవరికోసం, ఒంటెకా అన్నాను చెల్లెమ్మా" అన్నాడు మేస్త్రి. "వంగితే నడుం పట్టేస్తుంది మేస్త్రీ, ఎత్తు పెట్టు అన్నాడు. ఇదిగో, వాకిట్లో మెట్లు కట్టబోతే వద్దని ఏటవాలు పెట్టించాడు. గోడలకు పూతైనా లేదు, ముందు నీళ్ళ మోటారు బిగించాడు, నువ్వు చేతిపంపు కొట్టకూడదని. ఆ కుర్చీ చూశావా, వీపు ఆనుకునేది? నాలుగాదివారాలు కూర్చుని తనే చేశాడు. మిషను దగ్గర వేసుకోమని."

మేస్త్రి భోజనానికి వెళ్ళాక టైలరమ్మ ఆ కుర్చీలో కూర్చుంది. వీపు సరిగ్గా ఆనింది. పాదాలు సరిగ్గా నేలకు అందాయి. ఎప్పుడు కొలత తీసుకున్నాడో మరి. ఊరందరికీ కొలతలు తీసే తనకు ఆ సంగతే తెలియలేదు.

మొదటి ఏడాది అతను రమ్మన్నప్పుడల్లా ఆమె పోట్లాడేది. "ఇక్కడ నాకు గిరాకీ ఉంది, పిల్లకి బడి ఉంది. ఆ పొలాల మధ్యకొచ్చి కాకులకి చొక్కాలు కుట్టమంటావా?" అనేది. రెండో ఏడాదికి పోట్లాట మానేసి, వినపడనట్టు ఊరుకోవడం మొదలుపెట్టింది. పోట్లాటకు అతను నవ్వేవాడు. ఊరుకుంటే మాత్రం ముఖం చిన్నబోయేది. ఆఖరి శనివారం కూడా అడిగాడు. "రేపు తలుపులు బిగిస్తున్నాం. ఒక్క పూటకి వచ్చిపో."

"బడి యూనిఫారాలు సోమవారానికి ఇవ్వాలి" అంది సూదిలో దారం ఎక్కిస్తూ. తలెత్తలేదు.

ఆదివారం వెళ్ళాడు, వచ్చాడు. స్నానం చేసి, తిని, పడుకున్నాడు. తలుపులు ఎలా కుదిరాయని అడుగుదామని ఆమెకు అనిపించింది కూడా. పొద్దున్న అడగొచ్చులే అనుకుంది. పొద్దున్న ఆమె లేచేసరికే అతను డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఈ పూతలేని గోడల మధ్య కూర్చుంటే ఆమెకు ఒక సంగతి అర్థమైంది. నా పెళ్ళానికి నేను కట్టే ఇల్లు ఇష్టం లేదు అని అతను ఈ ఊళ్ళో ఎవరితోనూ అనలేదు. ఆ మాట అనాల్సిన చోట ఒక నడుం నొప్పి పెట్టి, పెళ్ళాం పరువు కాపాడాడు. అది తలుచుకుంటే బాధేసేది. కానీ అందులోనే చెప్పుకోలేని ఊరట కూడా ఉండేది. నా కోసం ఇంత చేశాడంటే నా మీద కోపం లేనట్టే కదా అని.

అందుకే ఆ నొప్పిని ఆమె నెత్తికెత్తుకుంది. పాలావిడ కనిపిస్తే నడుం మీద చెయ్యేసుకుని లేచేది. బరువులు ఎత్తేది కాదు. ఒకరోజు పిచ్చుక పట్టేసింది.

"అమ్మా, నీకు నిజంగా నొప్పా?"

"లేదు."

"మరి?"

"ఉందని నాన్న చెప్పాడు."

పిచ్చుక కాసేపు ఆలోచించింది. ఇక ఆ రోజు నుంచి చిన్న బకెట్టు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ, "మా అమ్మకి నడుం నొప్పి" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆరిందాలా చెప్పేది. తండ్రి అప్పజెప్పిన పని అనుకుందో ఏమో.

ఊళ్ళోవాళ్ళు చాలా మంచిగా ఉన్నారు. అదే ఆమెకు కష్టమైంది. ఒకరు కట్టెలు తెచ్చి పడేసేవారు. ఒకరు బియ్యం మూట లోపల పెట్టి వెళ్ళేవారు. బడి పంతులమ్మ బట్టలు తనే తెచ్చిచ్చి, కుట్టాక తనే వచ్చి తీసుకెళ్ళేది. "లేవకు, లేవకు" అనేవారు అందరూ. ఆ మాట విన్నప్పుడల్లా ఎవరిదో సొమ్ము దొంగిలించి తింటున్నట్టు ఉండేది.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం పాలావిడ వచ్చింది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ. ముఖమంతా చెమట.

"గడ్డిమోపు ఎత్తుతుంటే కలుక్కుమంది మరదలా. రెండ్రోజులైంది. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. నీకు తగ్గిందన్నావు కదా, ఏం వాడావో చెప్పు. నూనా, మాత్రలా? ఏ డాక్టరు?"

టైలరమ్మ కత్తెర పక్కన పెట్టింది. ఏదో ఒక పేరు చెప్పేయొచ్చు. ఏదో ఒక నూనె. పాలావిడ నమ్ముతుంది, తెప్పించుకుంటుంది, రాసుకుంటుంది, తగ్గకపోతే ఇంకా రాసుకుంటుంది. ఎదురుగా ఆ మనిషి నొప్పికి పెదవి కొరుక్కుంటోంది.

"అక్కా, నాకు నడుం నొప్పి లేదు."

"తగ్గిపోయింది, అవును. ఎలా తగ్గింది అనే అడుగుతున్నా."

"తగ్గడం కాదు. ఎప్పుడూ లేదు. నాకు ఇక్కడికి రావడం ఇష్టం లేక రాలేదు. ఆయన నా పరువు పోకుండా అలా చెప్పాడు. నేనూ సాగించాను."

పాలావిడ ఆమె కేసి చూస్తూ నిలబడింది. తర్వాత గోడ పట్టుకుని, వచ్చినంత నెమ్మదిగానే వెళ్ళిపోయింది. సాయం పట్టబోతే చెయ్యి విదిలించుకుంది.

అత్తగారు వెనక వసారాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. టైలరమ్మ వెళ్ళి ఎదురుగా నేల మీద కూలబడింది.

"చెప్పేశాను అత్తయ్యా."

"విన్నాను. పూత పడని గోడలు, అన్నీ వినిపిస్తాయి."

"ఏడాదంతా ఆయన నా కోసం కడుపులో దాచుకున్న మాట. నేను ఒక్క నిమిషంలో బయట పారేశాను."

అత్తగారి చేతులు ఆగాయి. ఒళ్ళో ఉన్న కాయలు చేటలోకి దులిపింది. "ఆ నడుం నొప్పి మాట వాడిది కాదే అమ్మాయ్. నాది."

టైలరమ్మ తలెత్తి చూసింది.

"పోయినేడు వాడితో రెండు మూడుసార్లు వచ్చాను చూడు. మొదటిసారే పాలావిడ తన వాకిట్లో అడిగింది, మరదలేదీ, ఎప్పుడూ రాదేం అని. వాడి చేతిలో వైరు చుట్ట ఉంది. చుడతాడు, విప్పుతాడు, మళ్ళీ చుడతాడు. చూడలేకపోయాను. నడుం నొప్పమ్మా, బస్సెక్కలేదు అనేశాను. నోటికి అదే వచ్చింది. అప్పుడు నొప్పెడుతున్నది నా నడుమే."

"ఆయనేమన్నాడు?"

"కోప్పడతాడనుకున్నా. తిరుగు బస్సులో పలకలేదు. మన స్టాపు దగ్గర పడుతుంటే మాత్రం, 'నిజంగానే నొప్పేమో అమ్మా, పొద్దస్తమానం మిషను మీద వంగే ఉంటుంది కదా' అన్నాడు. వచ్చే ఆదివారానికి మేస్త్రితో గట్టు ఎత్తు పెంచమన్నాడట."

"నమ్మాడా?"

"ఎలా నమ్ముతాడు, నీతో కాపురం చేస్తున్నవాడు? నమ్మాలనుకున్నాడు. తను కట్టే ఇల్లు నీకక్కర్లేదు అనుకునే కంటే, ఒంట్లో బాగోలేక రావట్లేదు అనుకోవడం తేలికైంది వాడికి. ఆ నొప్పి నీకోసం కాదే. వాడికోసమే."

టైలరమ్మ ఈ నెలరోజులూ పట్టుకు వేళ్ళాడిన ఊరట కాస్తా చేతుల్లోంచి జారిపోయింది. కళ్ళముందు మిగిలింది, పరాయి వాకిట్లో నిలబడి వైరు చుట్టి విప్పుతున్న మనిషి.

"ఇదంతా నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వచ్చేదానివా?"

ఆమె నిజంగానే ఆలోచించింది. "వచ్చేదాన్ని కాదు" అంది చివరికి.

"ఇక్కడికొచ్చాక చెబుదామనుకున్నా. కానీ నువ్వు ఆ మాట ఆసరాగా తిరుగుతున్నట్టు కనిపించింది. ఎలా లాక్కోను?" అత్తగారు మళ్ళీ చేట దగ్గరికి లాక్కుంది. "నాకూ కొడుకు పోయాడు కదా. నాకు మాత్రం ఎంత ధైర్యం ఉంటుంది?"

మర్నాడు తెల్లవారాక పక్కింట్లో ఆవులు ఆగకుండా అరవడం వినిపించింది. పాలావిడ భర్త లారీ డ్రైవరు, వారానికోసారి ఇంటికి వస్తాడు. టైలరమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని వెళ్ళింది. కొట్టానికి ఆనుకున్న వసారాలో పాలావిడ మంచం మీద కదలకుండా పడుకుని ఉంది.

"ఎందుకొచ్చావ్?"

"గడ్డి వేద్దామని."

"నీకు నడుం..." అని అలవాటుకొద్దీ అనబోయి ఆవిడ ఆగిపోయింది. ముఖం గోడవైపు తిప్పుకుంది. "మోపు అటు మూల ఉంది."

టైలరమ్మకు ఆ పని కొత్త. గడ్డి సగం తొట్టిలో, సగం తన నెత్తిన పడింది. పేడ ఎత్తబోతే నల్లావు ఒక్క తోపు తోసి, ఆమెను గోడకానించింది. "దానికి ఎడమవైపు నుంచి వెళ్ళు, ఎడమవైపు! అదేనా నీ ఎడమ?" అని మంచం మీంచి అరుపులు. తిట్లే అయినా మాటంటూ మొదలైంది.

పని ఒక దారికొచ్చాక పాలావిడ ఉన్నట్టుండి అంది. "నాకు కోపం నువ్వు రాలేదని కాదు. ఏడాదిపాటు నేను వాడికి సుద్దులు చెప్పాను. మగాళ్ళకి ఆడదాని నొప్పి తెలీదు, పెళ్ళాం చేత నీళ్ళు మోయించకు, కాపడం పెట్టు అని. తలొంచుకుని వినేవాడు. సరే అక్కా, అలాగే అక్కా అనేవాడు. ఏ రోజూ నోరు విప్పలేదు. లోపల ఎంత కుమిలాడో. నేనేమో దాని మీద కారం చల్లినట్టు ప్రతివారం అదే పాట."

టైలరమ్మ చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది. భర్త పోయిన రోజు చుట్టూ అందరూ ఏడుస్తుంటే ఆమెకు ఏడుపు రాలేదు. క్వార్టర్స్ తాళం అప్పగించినప్పుడూ రాలేదు. ఇప్పుడు ఆవు మెడ మీద చెయ్యి ఆన్చి, తలొంచుకుంది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత గొంతు వచ్చింది.

"ఒక్కసారి వచ్చుంటే సరిపోయేది అక్కా. ఒక్క పూట. వచ్చి, బాగుంది అని ఉంటే."

"ఊఁ" అంది పాలావిడ. కాదని అనలేదు. ఓదార్చనూ లేదు. కాసేపయ్యాక, "ఏడువు. అది ఏమీ అనుకోదులే" అంది.

ఆవు నెమరేస్తూ నిలబడింది. ఆమె ఏడుపు తగ్గేసరికి ఎండ కొట్టం లోపలికి వచ్చింది. టైలరమ్మ మోచేత్తో ముఖం తుడుచుకుని, మంచం దగ్గరికి వెళ్ళి, పాలావిడ వీపు కింద దిండు సర్దింది. ఆవిడ ఈసారి చెయ్యి విదిలించలేదు.

"కాపడం పెట్టనా?"

"ముందు పాలు పిండు. పొదుగు బిగిసి చస్తోంది అది."

"నాకు రాదు."

"నాకు మాత్రం పుట్టుకతో వచ్చిందా? చెంబు తీసుకో. చెప్తాను."