శంకరమ్మ ఎడమ కన్ను

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గరి సందులో సోమయాజులు గారి కళ్లద్దాల షాపు ఉండేది. అందులో తాతారావు అద్దాలు అరగదీసే పని చేసేవాడు. రాజధాని హైదరాబాదుకు మారిన కొత్తలో భార్య నాగరత్నంతో కాకినాడ నుంచి వచ్చాడు. ఎనిమిదేళ్ల తర్వాత ఆమె కామెర్లతో పోయింది. పిల్లలు లేరు. ఆమె పోయాక అతనికి దేనిమీదా ధ్యాస లేకుండా పోయింది. నాంపల్లిలో అద్దె గది, అబిడ్స్‌లో పని, మధ్యలో నడక. దారిలో కొత్త దుకాణం వెలిసినా, పాత గోడ కూలినా అతని కంటికి ఆనేది కాదు. పొద్దున ఏం తిన్నావని అడిగితే కాసేపు ఆలోచించాల్సి వచ్చేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం శంకరమ్మ ఆ షాపు మెట్లెక్కింది. ముప్పై ఏళ్లుంటాయి. మెదక్ వైపు పల్లె నుంచి తల్లిని వెంటబెట్టుకుని వచ్చి, నాంపల్లిలో ఇళ్లు కట్టే చోట తట్టలు మోసేది. కంకర కొడుతుంటే రాతిముక్క ఎగిరి ఎడమ కంట్లో దిగింది. దవాఖానలో గుడ్డు తీసేశారు. గాయం మానింది గాని పని పోయింది.

"పొద్దుగాల్నే ఒంటికన్నుదాని మొఖం జూస్తే కట్టిన గోడ నిలవదంటడు మేస్త్రి. పెట్టుడు కన్ను దొరుకుతదట గద సారూ. గదే కావాలె," అంది.

సోమయాజులు గారు ఒక అట్టపెట్టె తీశారు. గాజు కళ్లు పైదేశాల నుంచి వచ్చేవి. నిరుటి యుద్ధం తర్వాత రావడం ఆగిపోయింది. పెట్టెలో మిగిలినవి ఎవరికీ నప్పక మిగిలినవే.

"ఉన్నవి ఇవేనమ్మా. సరిపెట్టుకోవాలి," అన్నారాయన. తాతారావు వాటిలో ఒకటి కడిగి ఆమె కంట్లో అమర్చాడు.

కొద్దిరోజులకే ఆమె తిరిగొచ్చింది. కన్ను తీసి బల్లమీద పెట్టింది.

"గీ కన్ను నాది గాదు సారూ. పిల్లికండ్లదానా అని పిలుస్తున్రు. గీ దానికంటే ఒంటికన్నే నయముండె. పెట్టేటప్పుడు నా మొఖం జూసినవా నువ్వసలు?"

చూడలేదు. తాతారావుకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. సిగ్గుపడి, ఆమెను గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చోమని, మిగిలిన కంట్లోకి చూశాడు. నల్లకన్ను అనుకున్నది నల్లగా లేదు. మధ్యలో చింతగింజ రంగు, అంచుకు పోయేకొద్దీ కాచిన బెల్లప్పాకం, ఆ చుట్టూ బూడిద రంగులో సన్నని గీత. తెల్లగుడ్డు తెల్లగా లేదు. పాత కాగితంలా పసుపు తిరిగి, మూలన ఎర్రటి నరాలు పాకి ఉంది. ఇన్నేళ్లు కళ్లకు అద్దాలు చేశాడు గాని, కన్ను ఎలా ఉంటుందో అతనికి తెలియదు.

"నేను చేసి చూస్తానమ్మా," అన్నాడు, ఎలా చేస్తాడో తెలియకుండానే.

అప్పట్నుంచి కనబడిన ప్రతివాళ్ల కళ్లలోకీ చూడటం మొదలుపెట్టాడు. టీ పోసేవాడి కళ్లు, టిక్కెట్లు చింపే కండక్టర్ కళ్లు, పూలమ్మే ముసలమ్మ కళ్లు. కోఠి బస్సులో ఒకాయన కాలర్ పట్టుకున్నాడు, "నా భార్యను అట్ల గుడ్లప్పగించి చూస్తవేంది?" అని. తాతారావు దండం పెట్టి దిగిపోయాడు. దిగి నడుస్తూ, ఆయన కళ్లలో కోపానికి ఎరుపెక్కింది ఏ వైపా అని ఆలోచించాడు.

నాంపల్లి స్టేషన్ వెనక రాజనర్సు అని ఒకడు పెట్టుడు పళ్లు చేసేవాడు. చిగుళ్లకు వాడే పొడినీ ద్రావకాన్నీ కలిపి అచ్చులో ఉడకబెడితే రాయిలా గట్టిపడుతుంది. తాతారావు అడిగింది విని రాజనర్సు నవ్వాడు.

"పన్నుకూ కన్నుకూ సాపత్యమేంది అన్నా? సరే, చేద్దాం పట్టు."

సాయంత్రాలు అక్కడే గడిచేవి. పంటికి వాడే తెల్లపొడిలో రవ్వంత పసుపు కలిపితే తెల్లగుడ్డు వచ్చింది. నరాలకు ఏం వాడాలో తోచలేదు. ఒకరోజు నాగరత్నం కుట్టుపెట్టె తెరిచి, ఎర్రదారాన్ని పోగులు పోగులుగా విడదీశాడు. ఆమె పోయాక ఆ పెట్టె ముట్టడం అదే మొదలు. ఏడుపు వస్తుందనుకున్నాడు. రాలేదు. దారప్పోగు ఎంత సన్నగా చీలుతుందోనని చూస్తూ కూర్చున్నాడు. నల్లగుడ్డు రంగు మాత్రం ఎన్నిసార్లు వేసినా చెడింది. చెడినకొద్దీ పట్టుదల పెరిగింది. ఆకలి వేసింది. కూర వండుకుని, ఉప్పు తగ్గిందని కూడా గుర్తించాడు.

మొదటి కన్ను చూడటానికి చక్కగా వచ్చింది. శంకరమ్మ పెట్టుకుని వెళ్లింది. తర్వాత ఆమె మళ్లీ రాలేదు. తాతారావే వాకబు చేసి వెళితే, దవాఖానలో ముఖానికి కట్టుతో ఉంది. కన్ను అంచు ఎక్కడో గరుకుగా ఉండిపోయింది. లోపల ఒరుసుకుని చీము పట్టింది, జ్వరం వచ్చింది.

"నా కన్ను మీద పని నేర్సుకుంటున్నవా సారూ?" అందామె నెమ్మదిగా.

తాతారావు నేర్చుకుంటున్నాడు, నిజమే. నాగరత్నం పోయిన ఈ రెండేళ్లలో అతను సంతోషంగా ఉన్నవి ఆ రోజులే. అతను సంతోషంగా ఉంటే ఆమె జ్వరంతో పడి ఉంది. బయటికొచ్చి, రాజనర్సు దగ్గరికి పోయి చేసిన అచ్చులన్నీ పగలగొట్టాడు.

పుండు మానాక ఆమె తనంతట తనే షాపుకు వచ్చింది. "ఇంకొకటి చెయ్యి. తిండికి లేదు. నాకు వేరే తొవ్వ లేదు," అంది.

ఈసారి తాతారావు తొందరపడలేదు. "వేలికి తెలువని గరుకు నాలుకకు తెలుస్తదన్నా, పళ్లసెట్టు గట్లనే చూస్తం," అన్నాడు రాజనర్సు. తాతారావు కొత్తగా చేసిన కన్నును బుగ్గలో పెట్టుకుని తిరిగాడు, పనిలోనూ, నడకలోనూ. నాలుకకు ఏ మూల తగిలితే ఆ మూల మళ్లీ నునుపు చేశాడు. చివరికి నోట్లో ఉన్న సంగతే మరిచిపోయాడు. అప్పుడు ఇచ్చాడు.

శంకరమ్మ అద్దంలో చూసుకుంది. కొంగు సర్దుకుని మరోసారి చూసుకుంది. సోమయాజులు గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసి, "ఏది ఏదో చెప్పలేకపోతున్నానయ్యా," అన్నారు.

ఆమెకు గౌలిగూడలో కడుతున్న మేడ దగ్గర పని దొరికింది. కొత్త మేస్త్రి. ఆమె సంగతి అక్కడ ఎవరికీ తెలియదు.

చలికాలం మొదట్లో రాజనర్సు షాపుకు పరుగున వచ్చాడు. "శంకరమ్మ పరంజా మీదికెల్లి పడ్డదట," అన్నాడు.

తుంటి విరిగింది. దవాఖానలో మంచం కాళ్ల దగ్గర ఆమె తల్లి లక్ష్మీనర్సమ్మ కూర్చుని ఉంది. తాతారావును చూడగానే లేచింది.

"నువ్వేనా కన్ను జేసినోనివి? కన్ను లేదని తెలిస్తే నా బిడ్డకు కింద ఇసుక జల్లెడ వట్టే పని ఇద్దురు. రెండు కండ్లున్నయనుకోని పైకెక్కిచ్చిన్రు. ఎడమ దిక్కు పలక తీసిన్రట. దానికి కనవడలే!"

"ఊకో అవ్వా," అంది శంకరమ్మ. తర్వాత అతని వైపు తల తిప్పింది. "మేస్త్రి అడగలే, నేను జెప్పలే. జెప్తే పని ఇయ్యడు గద. కన్ను మంచిగనే ఉంది సారూ. అందరూ నమ్మిన్రు."

వార్డు గుమ్మంలో కూర్చుని, బావి తవ్వేచోట మందు పేలి కన్ను పోయిన భూమయ్య ఈ మాటలు వింటున్నాడు. "నాకు గూడ ఒకటి చేస్తవా?" అని అడిగాడు. తాతారావు వినబడనట్టు బయటికి నడిచాడు.

ఆ తర్వాత అతను రాజనర్సు గడప తొక్కలేదు. అద్దాలు అరగదీస్తూ తల వంచుకుని ఉండేవాడు. కాని ఎంత వద్దనుకున్నా, షాపుకు వచ్చినవాళ్ల కళ్లు అతనికి కనబడుతూనే ఉన్నాయి. కనబడకుండా ఉండటం ఇక అతనికి చేతకాలేదు.

శంకరమ్మ మళ్లీ సరిగా నడవలేకపోయింది. తల్లి ఆమెను ఊరికి తీసుకుపోయింది. గౌలిగూడ బస్టాండులో బస్సు దాకా తాతారావు మూట మోశాడు. ఎక్కించేటప్పుడు ఆమె అతని భుజం పట్టుకుని, "గా భూమయ్యకు చెయ్యి సారూ. కాని కనవడని దిక్కు సంగతి చెప్పి చెయ్యి," అంది. బస్సు కదిలాక తల్లి కిటికీలోంచి అతని వైపు చూడలేదు.

తాతారావు భూమయ్యకు కన్ను చేశాడు. భూమయ్య కంటి అంచున శంకరమ్మకున్న బూడిద గీత లేదు. నల్లగుడ్డులో తుప్పు రంగు చుక్క ఒకటి ఉంది. దానికోసం నెలరోజులు తంటాలు పడ్డాడు. కన్ను సిద్ధమయ్యాక కూడా వెంటనే చేతికివ్వలేదు. అతన్ని అబిడ్స్ రోడ్డు మీదికి తీసుకెళ్లి, కన్ను పోయిన వైపు తను నిలబడ్డాడు.

"అటు తల తిప్పు. కళ్లు కాదు, తల," అన్నాడు.

"అందరూ నన్నే జూస్తున్రు సాబ్."

"చూడనీ. మళ్లీ తిప్పు."

భూమయ్య తల తిప్పాడు. అటునుంచి బస్సు వస్తోంది. ఇద్దరూ ఆగారు.