తిరగేసిన బ్యాటరీ

“లైట్లు చూశావా? కత్తికి పదును పెట్టావా?”

ప్రతి శుక్రవారం సాయంత్రం మా ఆయన ఈ రెండు ప్రశ్నలూ సోఫాలోంచే అడుగుతారు. శని, ఆదివారాలు స్నేహితుడితో రాతికొండలు ఎక్కే మనిషికి తలకి కట్టుకునే లైటు, దానికి తోడుగా ఇంకొకటి, నడుముకి చిన్న మడతకత్తి ఉండి తీరాలి. సర్దేది నేను. వారమంతా కళ్ల ఆసుపత్రిలో చీటీలు రాసి, ఇంటికొచ్చి అంట్లు తోమి, ఆ తర్వాత రాయి మీద కత్తి నూరతాను. “వాడు వారమంతా కష్టపడతాడు, రెండ్రోజులు ఊపిరి పీల్చుకోనీ” అంటారు అత్తయ్య. నేనేమో వారమంతా ఊయలూగుతున్నట్టు! అసలు ఆయనకి తాడు ముడి వెయ్యడం నేర్పింది నేను. పెళ్లికి ముందు కొండల మీద నేను పైన, ఆయన కింద. పాప పుట్టాక “తల్లివయ్యావు, ఇంకా కోతి చేష్టలేమిటి” అని అత్తయ్య నా కొండ బూట్లు పాతసామాన్లవాడికి ఇచ్చేశారు. ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు.

సంచిలో లైటు దానంతటదే వెలిగి బ్యాటరీలు అయిపోకుండా, ప్రతి లైటులో ఒక బ్యాటరీని తిరగేసి పెట్టడం నా అలవాటు. పొద్దున గుమ్మం దగ్గర సరిచేసి ఇస్తాను. ఆ శనివారం పాపకి జ్వరం. నేను నుదుటి మీద తడిగుడ్డ వేస్తుండగానే ఆయన సంచి తగిలించుకుని వెళ్లిపోయారు. పదింటికి లైట్ల సంగతి గుర్తొచ్చింది. మూడు మెసేజ్‌లు పెట్టాను. చూడలేదు. కొండ మీద ఇంటి గోల చూడకూడదని ఆయన నియమం. సాయంత్రం దాకా కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

మసక పడుతుండగా ఫోన్ మోగింది.

“లైట్లు రెండూ చచ్చాయి! ఒక్క పని తిన్నగా చేసి ఏడవలేవా?” వెనక గాలి హోరు.

“ఒక బ్యాటరీ తిరగేసి ఉంది. మూత తీసి సరిగ్గా పెట్టండి.”

“మూత ఎటు తియ్యాలి?”

ఆరేళ్లుగా నెత్తిన పెట్టుకుంటున్న లైటు అది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“కింద నొక్కు ఉంటుంది. గోటితో లాగండి.”

“ఉండు. ఇక్కడ సంచి పట్టీ ఒకటి తాడుకి చుట్టుకుపోయింది. కింద పొడుగోడు వేలాడుతున్నాడు. ముందు దీన్ని కోసేస్తా.”

పొడుగోడంటే ఆ స్నేహితుడే. మనిషి బరువుకి బిగిసిన తాడు, కత్తి అంచు తగిలితే చాలు, తెగిపోతుంది. ఆ కత్తిని నిన్న గాల్లో కాగితం తెగేంతగా నూరింది నేనే.

“కత్తి మూసెయ్!” అరిచాను. “తాడు దగ్గరికి తేకు. ముందు లైటు వెలిగించు. మూశావా? మూశావా లేదా చెప్పు!”

“మొగుణ్ణి పట్టుకుని ఆ అరుపులేంటి?” పక్కగదిలోంచి అత్తయ్య.

ఫోన్లో టక్కున కత్తి మడత పడిన చప్పుడు. కాసేపటికి లైటు వెలిగిందన్నారు. పట్టీ వేళ్లతోనే విడిపోయిందన్నారు. నేను పాప నుదుటి మీద తడిగుడ్డ మార్చడానికి వెళ్లాను.

ఆదివారం సాయంత్రం కొండ దిగొచ్చి పొడుగాయన మా ఇంట్లో టీ తాగుతుంటే ఆయన కథ మొదలెట్టారు. “మా ఆవిడ పాడైన లైట్లు సర్ది పంపింది. నేను తంటాలు పడి బాగుచేశాను కాబట్టి బతికి బట్టకట్టాం.”

“ఇకనైనా ఒళ్లు దగ్గర పెట్టుకుని సర్దమ్మా” అన్నారు అత్తయ్య. పొడుగాయన తలదించుకుని కప్పులోకి చూస్తున్నారు. నాకు కప్పులు విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది. తీసుకెళ్లి కడిగాను.

మళ్లీ శుక్రవారం. సోఫాలోంచి, “లైట్లు చూశావా? కత్తి?”

“చూశాను.”

గుమ్మం దగ్గర సంచి పక్కన కొత్త బూట్లు చూసి ఆయన లేచి నిలబడ్డారు. “ఇవెవరివి?”

“నావి. రేపు పొడుగాయనతో కొండకి వెళ్తున్నాను. ఆయనే ఫోన్ చేసి రమ్మన్నారు. ఆ రోజు నీ ఫోన్ స్పీకర్‌లో ఉందట, కిందికి అంతా వినపడిందట.”

నేను సంచి మూతి బిగించాను.

“పాప మందు ఫ్రిజ్ మీద ఉంది. మూత ఎటు తియ్యాలో పాపనే అడుగు, చెబుతుంది.”